నాలుగో వాక్యం

ఆఫీసు, మూడో అంతస్తు
జనవరి 9

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబు రాలేదని అలిగి ఉంటావు, అలుగు. అలిగినవాళ్ళని బుజ్జగించే ఓపిక కూడా నాకిప్పుడు లేదు. కళ్ళ డాక్టరు తెర ముందు కూర్చునే గంటలు తగ్గించమన్నాడు. ఆఫీసులో ఎలాగూ తగ్గవు కాబట్టి మెయిళ్ళు మానేసి కాగితం పట్టాను. నీ ఫోను డ్యూటీ దిగేదాకా లాకర్లోనే ఉంటుంది కదా, నీకూ ఇదే సుఖం.

"ఇంతకీ నువ్వు చేసే పనేంటక్కా" అని అడిగావు. పదిహేడేళ్ళు సాఫ్టువేరు ఎలా వాడాలో మనుషుల కోసం పుస్తకాలు రాశాను, ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు ప్రతి అక్షరం చదివేవాడు దొరికాడు, వాడు మనిషి కాదు. ఏజెంట్ అంటారు. అదొక ప్రోగ్రాం, చెప్పిన పని తనంతట తాను చేసుకుపోతుంది. దాని చేతికి మేం కొన్ని టూల్స్ ఇస్తాం: ఒకటి అపాయింట్‌మెంటు ఇచ్చేది, ఒకటి మార్చేది, ఒకటి తీసేసేది. ఏ టూల్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, వాడితే ఏమవుతుంది అని నాలుగైదు వాక్యాల్లో రాయాలి. నా పని అంతే. నేను రాసింది తప్ప దానికి మరో లోకం లేదు. మనిషైతే పక్కవాణ్ణి చూసి నేర్చుకుంటాడు. దానికి పక్కవాడు లేడు.

అసలు సంగతికి వస్తాను. మీ ఆసుపత్రి డయాలసిస్ వార్డులో కుర్చీల కేటాయింపు ఇక మా ఏజెంటే చూస్తుందట. మొత్తం ఇరవై ఏడు టూల్స్‌కి వివరణలు రాయాలి, గడువు నెలాఖరు. తల ప్రాణం తోకకొస్తోంది. రోగి సమయానికి రాకపోతే మీరేం చేస్తారో ఉన్నదున్నట్టు రాసి పంపు.

అక్క

డయాలసిస్ వార్డు, నర్సుల గది
జనవరి 17

అక్కా,

అలగలేదు. అలగడానికీ తీరిక ఉండాలి కదా.

మాకు ఎనిమిది కుర్చీలు, రోజుకి మూడు బ్యాచ్‌లు. ఒక్కొక్కరు నాలుగు గంటలు మిషన్ మీద ఉంటారు. సమయం దాటి అరగంటైనా మనిషి రాకపోతే జాబితాలోంచి తీసేసి, ఎదురుచూసేవాళ్ళలో తర్వాతివాళ్ళని పిలుస్తాం. కుర్చీ ఖాళీగా ఉంచడం పాపం అక్కా, బయట అంతమంది కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటారు. ఈ తీయడం, పెట్టడం అంతా రిసెప్షన్‌లో ఫోనమ్మ చూసుకుంటుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆవిడది. ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

ఆలస్యంగా వచ్చేవాళ్ళలో మా టైలరు గారిది మొదటి పేరు. మంగళ, గురు, శనివారాలు ఆయన వంతు. రెండు బస్సులు మారి రావాలి, ఎప్పుడూ ఆఖరి నిమిషంలోనే గుమ్మంలో కనపడతాడు. వచ్చి కూర్చుంటూనే నా యూనిఫాం కుట్టు చూసి, "సిస్టర్, దీన్ని కుట్టినవాడికి కత్తెర ఇవ్వకూడదు" అంటాడు. ప్రతివారం ఇదే మాట.

మీ ఏజెంట్ వస్తే మాకు కాస్త ఊపిరి ఆడుతుందేమో. మా అక్క రాసిన మిషను అని వార్డంతా చాటింపు వేసేశాను. పరువు నిలబెట్టు.

చెల్లి

ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 21

చెల్లీ,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకునే రాశాను. ఇదిగో, నీ మాటలే:

"స్లాట్ విడుదల. రోగి తన సమయం దాటి ముప్పై నిమిషాలైనా రాకపోతే ఈ టూల్ వాడాలి. ఆ స్లాట్ ఎదురుచూసేవారిలో తర్వాతి వ్యక్తికి వెళ్తుంది. ఒకసారి విడుదల చేశాక వెనక్కి తీసుకోవడం కుదరదు."

బాగుంది కదా. ఎక్కడా అనుమానానికి చోటు లేదు. ఏజెంట్‌కి రాసేటప్పుడు "అవసరమైతే", "సందర్భాన్నిబట్టి" లాంటి మాటలు వాడితే అయోమయంలో పడుతుంది. మనుషులు ఆ మాటల వెనక దాక్కుంటారు, దానికి దాక్కోవడం రాదు.

నాలుగు రోజులు పరీక్షలు జరిగాయి. ఒకటి రెండు చోట్ల తడబడింది, సరిచేశాం. మా మేనేజరు సంతోషించాడు. నాకు సంతోషించే శక్తి లేదు. ఇంటికెళ్ళి కళ్ళ మీద తడిబట్ట వేసుకుని పడుకుంటున్నాను. మీ బావ వంటచేసి పిలిస్తే లేచి తిని మళ్ళీ పడుకుంటున్నాను.

అక్క

డయాలసిస్ వార్డు, నర్సుల గది
ఏప్రిల్ 12

అక్కా,

ఏజెంట్ మా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. మొదటి రెండు వారాలు హాయిగానే గడిచాయి. కుర్చీల పని అది చూసుకుంటోంది కదా అని ఫోనమ్మని రికార్డు రూములో పాత ఫైళ్ళు సర్దమన్నారు. ఆవిడ లాగిన్ మీదే అది పనిచేస్తోంది.

పోయిన మంగళవారం టైలరు గారి రెండో బస్సు దారిలో ఆగిపోయింది. ఆయన వచ్చేసరికి యాభై నిమిషాలు ఆలస్యం. అప్పటికే కుర్చీలో ఇంకొకరున్నారు, సూది కూడా గుచ్చేశాం. మూడో బ్యాచ్ నిండిపోయింది. శనివారం తర్వాత మంగళవారం అంటే వారంలో అన్నిటికంటే పెద్ద ఎడం, ఒంట్లో నీరు చేరిపోయి ఉంటుంది. గురువారం రమ్మన్నాం, రేపు ఎవరైనా రాకపోతే పిలుస్తామన్నాం. ఆయన నవ్వి, "నాదే ఆలస్యం సిస్టర్" అని వెళ్ళిపోయాడు. బుధవారం పొద్దున ఊపిరాడక అంబులెన్సులో తెచ్చారు. ఐసీయూలో పెట్టారు. గుండె దెబ్బతిందంటున్నారు.

ఇప్పుడు ఫోనమ్మకి నోటీసు ఇచ్చారు. ఆవిడ లాగిన్‌తో స్లాట్ పోయింది కాబట్టి ఆవిడే జవాబు చెప్పాలట. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. నాలుగేళ్ళలో రిటైరవ్వాల్సిన మనిషి. వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, నేను తియ్యలేదే. ఫోన్ చెయ్యకుండా నేనెవర్నైనా తీశానా?" అంది.

అక్కా, అది ఫోన్ ఎందుకు చెయ్యలేదు?

చెల్లి

ఆఫీసు
ఏప్రిల్ 20

చెల్లీ,

విషయం తెలిసింది, చాలా బాధ కలిగింది. ఏజెంట్ టూల్ వివరణ ప్రకారమే నడిచింది. పరిశీలిస్తే ఎక్కడా దారి తప్పలేదు. వివరణ మీ వార్డు నుంచి వచ్చిన సమాచారం ఆధారంగా తయారైంది. రోగికి ఫోన్ చేయాలన్న సంగతి అందులో లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క

డయాలసిస్ వార్డు
ఏప్రిల్ 26

అక్కా,

నీ ఉత్తరం నువ్వే రాశావా, మీ ఆఫీసు రాసిందా? "సమాచారం ఆధారంగా తయారైంది" అట. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

నిజమే, నేను ఫోన్ సంగతి రాయలేదు. రోగి చెయ్యి పట్టుకునే ముందు చేతులు కడుక్కుంటాం, అదీ రాయలేదు. రోజూ చేసే పని రాయాలని తట్టదు అక్కా. మనిషి రాకపోతే ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే పక్కింటికి చేస్తుంది. బస్సులో ఉన్నాడని తెలిస్తే ఇంకో అరగంట కుర్చీ పట్టి ఉంచుతుంది, వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళ చేత తిట్లు తింటుంది. ఆవిడని ఫోనమ్మ అని ఎందుకంటామనుకున్నావు? పేరు రాశాను కదా. ఎందుకా పేరు అని ఒక్కమాట అడగాల్సింది.

మే పద్నాలుగున విచారణ. ఉద్యోగం తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, నాతో సహా.

ఒక్కటి చెప్పు. ఆ ఏజెంట్‌కి అనుమానమనేదే రాదా? ఎవర్నీ అడగాలనిపించదా దానికి? ఎనిమిదో తరగతి చదివిన ఆయా కూడా నన్నడక్కుండా కుర్చీ కదపదు.

చెల్లి

ఇల్లు
మే 4

చెల్లీ,

ఇది ఆఫీసులో కూర్చుని రాయడం లేదు. రెండు రోజులు సెలవు పెట్టాను. మీ బావకి కళ్ళనొప్పి అని చెప్పాను, అందులో సగం నిజం.

నువ్వడిగినదానికి జవాబు: దానికి అనుమానం వచ్చింది.

ఫిబ్రవరి పరీక్షల్లో ఈ టూల్‌ని ఇరవైసార్లు నడిపాం. పదకొండుసార్లు అది ఆగింది. ఆగి ఇలా రాసింది: "రోగి రాలేదు. దారిలో ఉన్నారేమో ఎవరైనా కనుక్కున్నారా? విడుదల చేశాక వెనక్కి తీసుకోలేం కాబట్టి తెలిసేవరకు ఆగుతున్నాను." పదకొండుసార్లూ నా కళ్ళతో చదివాను. నువ్వు రాయనిదీ, నేను అడగనిదీ అది అడిగింది. వెనక్కి తీసుకోలేం అని నేను రాసిన మూడో వాక్యమే పట్టుకుని అడిగింది.

మేనేజరు వచ్చి చూశాడు. "ఇది ఇన్ని ప్రశ్నలేస్తే వాళ్ళెందుకు కొంటారండీ, అడగకుండా ఉండటానికే కదా" అన్నాడు. అలా కాదు, ఆసుపత్రిని ఒకసారి కనుక్కుందాం అనాల్సింది. అనలేదు. ఆ రోజుకి ఇంకా తొమ్మిది టూల్స్ మిగిలున్నాయి, కళ్ళు మండుతున్నాయి, త్వరగా తెమిలితే చాలనుకున్నాను. నాలుగో వాక్యం చేర్చాను: "ఈ టూల్ వాడే ముందు ఎవరినీ అడగనవసరం లేదు." ఆ తర్వాత ఇరవైకి ఇరవై సార్లూ చెప్పినట్టే చేసింది. నీకు పంపినప్పుడు మొదటి మూడు వాక్యాలే రాశాను, గుర్తుందా? మర్చిపోయి కాదు. నీకు చూపించడానికి మొహం చెల్లలేదు.

పోయిన ఉత్తరంలో తప్పు నీ నెత్తిన రుద్దాను. అది రాసి పోస్టు డబ్బాలో వేశాక అక్కడే కాసేపు నిలబడ్డాను, చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోవచ్చేమో అని చూశాను.

దీనితో పాటు ఒక వాంగ్మూలం పెడుతున్నాను, ప్రతి పేజీ మీదా సంతకం ఉంది. ఆ పదకొండు పరీక్షల నకళ్ళు కూడా ఉన్నాయి. విచారణలో ఇవ్వు. మేనేజరు చెప్పాడని రాశాను, కానీ రాసిన చెయ్యి నాదేనని మొదటి వాక్యంలోనే ఉంది. నకళ్ళు బయటికిచ్చినందుకు నన్ను ఉంచరు. ఫరవాలేదు. ఇరవై రెండేళ్ళు మనుషుల్ని అడిగి అడిగి పనిచేసిన మనిషి నా బద్ధకానికి ఇంటికి పోకూడదు.

అక్క

డయాలసిస్ వార్డు, నర్సుల గది
మే 16

అక్కా,

నీ కాగితాలు ఇచ్చాను. విచారణ గదిలో ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక గడియారం, తిరగని ఫ్యాను. నీ వాంగ్మూలం చదివేటప్పుడు ఫోనమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒకాయన గట్టిగా చదివాడు. నాలుగో వాక్యం దగ్గర ఆగి మళ్ళీ చదివాడు.

"ఇంకెవరైనా చెప్పేదుందా" అన్నారు. అప్పుడు నేను లేచాను. నీకూ చెప్పని మాట ఒకటి ఉంది. ఆ మంగళవారం నేను రిసెప్షన్ ముందు నుంచే నడిచి వెళ్తున్నాను. తెర మీద "నాలుగో కుర్చీ విడుదలైంది" అని వచ్చింది. చూశాను. ఏజెంటే ఫోన్ చేసి ఉంటుందిలే అనుకున్నాను. రికార్డు రూము పదడుగుల దూరంలో ఉంది, ఫోనమ్మని ఒక్క కేక వేస్తే సరిపోయేది. చేతిలో మందుల ట్రే ఉంది, కాళ్ళు పీకుతున్నాయి, వెళ్ళిపోయాను. నిన్ను అన్ని మాటలన్నాను కానీ ఇది మాత్రం కడుపులోనే దాచుకున్నాను.

ఫోనమ్మ ఉద్యోగం నిలబడింది. నాకు మెమో ఇచ్చారు, ఏడాది పాటు ఇంక్రిమెంటు లేదు. వివరణ మార్చేదాకా ఏజెంట్‌ని ఆపేశారు. మార్చినది మా వార్డు ఒప్పుకున్నాకే మళ్ళీ పెడతారట.

ఆవిడతో "సాఫ్టువేరు వాళ్ళు తప్పు ఒప్పుకున్నారు" అన్నంతవరకే చెప్పారు. టూల్స్‌కి వివరణలు రాసింది నువ్వని ఆవిడకి తెలుసు. నాలుగో వాక్యం సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

టైలరు గారు ఐసీయూ నుంచి బయటపడ్డాడు. చాలా చిక్కిపోయాడు. మెట్లెక్కలేకపోతున్నాడు. నా యూనిఫాం వంక చూసి ఏమీ అనలేదు.

చెల్లి

ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 3

చెల్లీ,

ఈ నెల పదితో నన్ను పంపించేస్తున్నారు. మీ బావకి చెప్పాను. "కళ్ళకి మంచిదే" అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చింది, చాలా రోజుల తర్వాత.

వెళ్ళేలోపు ఈ ఒక్క వివరణ తిరగరాయమన్నారు. చూసి చెప్పు:

"స్లాట్ విడుదల. రోగి తన సమయానికి రాకపోతే, ముందుగా రిసెప్షన్‌లోని ఉద్యోగికి తెలియజేసి, ఇంటికీ పక్కింటికీ ఫోన్ చేసి కనుక్కోమని అడగాలి. జవాబు వచ్చేవరకు ఈ టూల్ వాడకూడదు. రోగి దారిలో ఉంటే ఎంతసేపు ఆగాలో ఆ ఉద్యోగే నిర్ణయిస్తారు. రావడం లేదని ఆ ఉద్యోగి చెప్పాకే విడుదల చేయాలి. విడుదల చేశాక వెనక్కి తీసుకోవడం కుదరదు, ఆ రోజు చికిత్స అందకపోతే రోగి ప్రాణానికి ప్రమాదం. అనుమానం ఉంటే అడగాలి."

మేనేజరు పొడవైందన్నాడు. అవునన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

ఫోనమ్మకి నేను చేసిన పని చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. నాకింక ఏదీ బరువనిపించడం లేదు, తేలికా అనిపించడం లేదు. బాగా నిద్రపోవాలని ఉంది.

అక్క

డయాలసిస్ వార్డు, నర్సుల గది
జూన్ 25

అక్కా,

నిద్రపోతున్నావా? పోవడం లేదని బావ చెప్పాడు.

మొన్న మంగళవారం నుంచి ఏజెంట్ మళ్ళీ మొదలైంది. ఫోనమ్మ తన కుర్చీలో తాను కూర్చుంది. టైలరు గారి సమయం దాటిపోయింది, మనిషి జాడ లేదు. నేను ట్రే బల్ల మీద పెట్టేసి ఆవిడ పక్కన నిలబడ్డాను. తెర మీద వచ్చింది: "నాలుగో కుర్చీ రోగి ఇంకా రాలేదు. దయచేసి ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారా? మీరు చెప్పేవరకు ఆగుతాను."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. ఫోన్ చేసింది. టైలరు గారి భార్య ఎత్తి, ఆయన రెండో బస్సు ఎక్కారని చెప్పింది. ఫోనమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "వస్తున్నారు, ఆగు" అని కొట్టింది. అది ఆగింది.

"పర్లేదే, బుద్ధిగానే ఉంది ఇది. ఇలా అడగాలని మీ అక్కే నేర్పిందా?" అంది.

అవునంటే అయిపోయేది. నువ్వూ ఏమీ అనేదానివి కాదు.

"లేదమ్మా. అడగడం దానికి మొదటినుంచీ తెలుసు. అడగొద్దని నేర్పింది మా అక్క" అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. ఆ మంగళవారం నేను తెర చూసి నడిచి వెళ్ళిన సంగతి కూడా చెప్పాను.

ఇంతలో టైలరు గారు వచ్చాడు, గుమ్మం దగ్గర ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మిషన్ పెట్టి తిరిగి వచ్చేసరికి ఆవిడ తర్వాతి బ్యాచ్ నంబర్లు రాసుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"ఉత్తరం రాస్తావుగా, మీ అక్కని అడిగానని రాయి."

చెల్లి